చలి గదిలో వారాల తరబడి ఉన్న ఎలుకలలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ తప్పకుండా పెరుగుతుందా?

మీరు రెండు విషయాలు అడిగారు. చలిలో జంతువు ఎక్కువ ఆక్సిజన్ వాడుకుంటుంది కనుక ఫ్రీ రాడికల్స్ (ఆక్సిజన్ నుంచి పుట్టి కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు) వల్ల జరిగే నష్టం, అంటే ఆక్సిడేటివ్ స్ట్రెస్, కూడా అదే లెక్కన పెరగాలి కదా అన్నది మొదటిది. 4 డిగ్రీల గదిలో ఉంచిన చుంచెలుకలను 22 డిగ్రీల గదిలోని వాటితో పోలిస్తే సరిపోతుందా అన్నది రెండవది. జంతు శరీరధర్మశాస్త్రంలో పరిశోధన చేస్తున్న కాలంలో నేను శీతల గదిలో ఎలుకలను పెంచి, వాటి కణజాలాలను పరీక్షించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: రెండవ ప్రశ్నను ముందు తేల్చుకోండి.

22 డిగ్రీలు మనకు హాయిగా ఉంటాయి గానీ చుంచెలుకకు అది చలే. ఒంటి వేడి నిలుపుకోవడానికి అదనంగా శక్తి ఖర్చు చేయనక్కరలేని ఉష్ణోగ్రత దానికి సుమారు 30 డిగ్రీలు. అంటే మీరు మామూలువి అనుకుంటున్న జంతువులు కూడా తిన్నదానిలో చాలా భాగాన్ని వేడి కోసమే వెచ్చిస్తున్నాయి. మీ ప్రయోగం తీవ్రమైన చలిని ఓ మాదిరి చలితో పోల్చుతుందే తప్ప, చలిని చలి లేని స్థితితో పోల్చదు. ఒక్కో పంజరంలో ఎన్ని జంతువులున్నాయి, గూడు కట్టుకోవడానికి కాగితపు పీలికలు వేశారా అన్నవి కూడా ఫలితాన్ని మారుస్తాయి, ఎందుకంటే ఒకదానినొకటి హత్తుకుని పడుకున్న చుంచెలుకలకు తగిలే చలి వేరు, ఒంటరిగా ఉన్నదానికి తగిలే చలి వేరు.

చలిలో పెట్టిన మొదటి రోజుల్లో జంతువు ప్రధానంగా వణుకుతూ వేడి పుట్టించుకుంటుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి వణుకు తగ్గి, ఆ పని గోధుమరంగు కొవ్వు చేతికి వస్తుంది. నాడుల చివర విడుదలయ్యే నారడ్రినలిన్ అనే రసాయనం ఆ కణాలలోని కొవ్వును కరిగిస్తుంది. అలా వెలువడిన కొవ్వు ఆమ్లాలు, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లోపొరలోని యూసీపీ1 అనే ప్రొటీన్‌ను ప్రేరేపిస్తాయి. కణాలు శక్తిగా వాడుకునే ఏటీపీ తయారీకి వెళ్లవలసిన ప్రోటాన్లు దాని గుండా లోపలికి జారిపోవడంతో ఆ శక్తంతా వేడిగా మారుతుంది. జంతువు ఎంతో ఎక్కువ తిన్నా బరువు పెరగకపోవడానికి కారణం ఇదే. రెండు భుజపుటెముకల మధ్య చర్మం తీసి చూస్తే ఈ మార్పు కంటికే కనిపిస్తుంది. వెచ్చగా పెరిగిన ఎలుకలో ఆ కొవ్వు పాలిపోయి, పక్కనున్న తెల్లకొవ్వులో కలిసిపోయినట్లు ఉంటుంది. చలిలో పెరిగినదానిలో మైటోకాండ్రియా, రక్తనాళాలు పెరిగి ముదురు ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. చీటీ చూడకుండానే అది ఏ గుంపుదో చెప్పవచ్చు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఆక్సిజన్ వాడకం, ఫ్రీ రాడికల్స్ ఉత్పత్తి ప్రతిసారీ కలిసే పెరుగుతాయని లేదు. మైటోకాండ్రియా పొరకు అటూ ఇటూ విద్యుత్ వోల్టేజీ బాగా పెరిగి, ఎలక్ట్రాన్లు ముందుకు సాగక నిలిచిపోయినప్పుడు సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ ఎక్కువగా పుడుతుంది. యూసీపీ1 ఆ వోల్టేజీని తగ్గిస్తుంది కనుక ఆక్సిజన్ ఎంత ఖర్చయినా ఆ కణజాలంలో నష్టం అదే నిష్పత్తిలో పెరగనక్కరలేదు. పైగా సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్ వంటి రక్షక ఎంజైములు కూడా అక్కడ పెరుగుతాయి. 2016లో వెలువడిన ఒక ముఖ్యమైన పరిశోధన మరో సంగతి చూపింది: చలి తగిలిన తొలి గంటల్లో గోధుమ కొవ్వులో పెరిగే ఫ్రీ రాడికల్స్ యూసీపీ1లోని సిస్టీన్ అనే ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, వేడి పుట్టడానికే తోడ్పడతాయి. కాలేయం సంగతి వేరు. అక్కడ యూసీపీ1 ఇచ్చే ఈ వెసులుబాటు లేదు. చలికి పెరిగిన థైరాయిడ్ హార్మోన్ ప్రభావం మాత్రం ఉంటుంది. ఎలుకల కాలేయంలో కొవ్వుల ఆక్సీకరణ పెరిగిందని చెప్పే ఫలితాలు అందుకే నాకు ఆశ్చర్యం కలిగించవు.

కొలిచే పద్ధతి దగ్గర గట్టిగా జాగ్రత్తపడమని కోరుతున్నాను. థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి మరిగే నీటిలో ఉంచిన గొట్టాలు గులాబీ రంగుకు తిరగగానే 532 నానోమీటర్ల దగ్గర చదివేసి, ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరిగిందని రాసేయడం మన దగ్గర ఎక్కువ. ఆ రంగు కొవ్వుల ఆక్సీకరణలో పుట్టే మాలోండైఆల్డిహైడ్ ఒక్కదానివల్లే రాదు, రక్తం నిండిన గోధుమ కొవ్వులో ఆ ఒక్క అంకెను నేనైతే నమ్మను. ప్రొటీన్లకు జరిగిన ఆక్సీకరణ నష్టాన్ని చూపే ప్రొటీన్ కార్బొనిల్స్‌ను, కణాలను కాపాడే గ్లూటాథయోన్‌లో క్షయకరణ రూపానికీ ఆక్సీకరణ చెందిన రూపానికీ ఉన్న నిష్పత్తిని కూడా కొలవండి. గ్లూటాథయోన్ కోసం కణజాలాన్ని కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయాలి.

చలిలో ఎక్కువ శక్తి ఖర్చయితే ఆయుష్షు తగ్గుతుందేమోనని కూడా ప్రస్తావించారు. 1986లో హోలోజీ, స్మిత్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో ఎలుకలను వారానికి 5 రోజులు, రోజుకు 4 గంటల చొప్పున 23 డిగ్రీల నీటిలో నిలబెట్టారు. అవి మిగతావాటికంటే 44 శాతం ఎక్కువ తిన్నాయి, అయినా వాటి ఆయుష్షు తగ్గలేదు.

కాబట్టి 24 గంటలకు, ఒక వారానికి, నాలుగు వారాలకు విడివిడిగా నమూనాలు తీసి, గోధుమ కొవ్వు, కాలేయం, కండరం వేర్వేరుగా చూడండి. 30 డిగ్రీల గుంపును మొదటి దరఖాస్తులోనే చేర్చి జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోండి. మధ్యలో కొత్త గుంపు చేర్చాలంటే మళ్లీ అనుమతి కోసం ఆగవలసి వస్తుంది.