చిటికెడు మెరుస్తుంది, డబ్బా మెరవదేం?

ప్రశ్న: మా డాబా మీద నీళ్ల ట్యాంకు లీకవుతోందని చూడ్డానికి వచ్చినాయన ఇటుక రంగు పొడి చిటికెడు వేశాడు. నీళ్లన్నీ చిలకపచ్చగా మెరిసిపోయాయి. డబ్బాలో పొడి మాత్రం ఎండలో పెట్టినా మట్టిలాగే ఉంది. రంగు ఎక్కువైతే మెరుపూ ఎక్కువవ్వాలి కదండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అది ఉరానిన్ అయ్యుంటుందమ్మా, అంటే ఫ్లోరెసిన్ సోడియం లవణం. మా బీఎస్సీ ల్యాబులో రిసార్సినాల్, థాలిక్ ఆన్‌హైడ్రైడ్ కలిపి, నాలుగు చుక్కలు సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి ఫ్లోరెసిన్ కాచేవాళ్లం. పరీక్షనాళిక అడుగున ముదురెరుపు ముద్ద మిగిలేది. దాన్ని కాస్టిక్ సోడా నీళ్లలోకి ఒంపగానే పచ్చగా భగ్గుమనేది. "ముద్దగా ఉన్నప్పుడు మెరవదేం సార్?" అని ఓ కుర్రాడు అడిగితే, "మలినాలు రా" అని నోరు మూయించాను. తప్పు చెప్పాను. ఎంత శుద్ధి చేసినా పొడి అంతే.

పలచటి క్షార ద్రావణంలో ఫ్లోరెసిన్ వంద ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, మింగితే తొంభైకి పైగా తిరిగి కక్కేస్తుంది. పొడిలో ఆ బల్లపరుపు అణువులు పచ్చి అప్పడాల దొంతరలా అతుక్కుపోతాయి. ఒకటి మింగిన శక్తి పక్కదానికి, అక్కణ్నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ పోయి, ఎక్కడో ఒక లోపమున్న చోట చిక్కి వేడిగా మారిపోతుంది.

అప్పడాల మధ్య గుడ్డ పరిచినట్టు ఏదైనా పెడితే? చాలామంది రంగు అణువునే మరో అణువు గుప్పిట్లో దాచాలని చూశారు. 2020లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో అమర్ ఫ్లడ్, కోపెన్‌హాగెన్‌లో బో లౌర్సెన్ బృందాలు మాత్రం రంగును వదిలేసి దాని జోడీని పట్టుకున్నాయి. నాకు భలే నచ్చింది ఇక్కడే. రోడమిన్ లాంటి రంగులకు ధనావేశం ఉంటుంది, వెంట జోడీగా ఒక రుణ అయాన్, అంటే రుణావేశమున్న కణం, తప్పదు. సయనోస్టార్ అనే అయిదు మూలల నక్షత్రంలాంటి వలయాలు రెండు కలిసి, పెర్‌క్లోరేట్ వంటి పెద్ద అయాన్‌ను నడుమ ఇరికించుకుంటాయి. ఆ బొద్దు బిళ్ల, రంగు అణువు, మళ్లీ బిళ్ల – స్ఫటికంలో ఇలా పేరుకుంటాయి. రంగులు ఒకదాన్నొకటి తాకవు, అందుకే గట్టిగా ఉన్నా మెరుస్తాయి. సయనోస్టార్‌కు సొంత రంగు లేదు. రంగు అణువు శక్తి అందులోకి జారిపోదు కూడా. చేసేదల్లా రెండూ ద్రావకంలో కలిపి ఆరనివ్వడమే! ఈ పదార్థాలకు 'స్మైల్స్' (స్మాల్-మాలిక్యూల్ అయానిక్ ఐసొలేషన్ లాటిసెస్‌కు పొట్టిపేరు) అని పేరు పెట్టారు. పొట్టిపేర్ల పిచ్చి మా కెమిస్టులకు ఎప్పుడూ ఉన్నదే.

మరి మీ డబ్బాలో పొడికి ఈ వైద్యం పనిచేస్తుందా అంటే, ఉన్నదున్నట్టు చేయదు. ఉరానిన్‌లో రంగే రుణ అయాన్, జోడీ ఏమో సోడియం. సయనోస్టార్ పట్టుకోవలసిన పెద్ద రుణ అయాన్ విడిగా అక్కడ లేదు.

అన్నట్టు, రంగు పూర్తిగా పోయేదాకా ట్యాంకు కడిగించి, ఆ తర్వాతే తాగడానికి పట్టుకోండి.