పగడాల అక్వేరియంలో ఏ చేపలు కలిసి బతుకుతాయి?

ప్రశ్న: మాది హైదరాబాద్. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంతే ఎత్తు ఉన్న ఉప్పునీటి అక్వేరియం ఏర్పాటు చేసుకుని మూడు వారాలైంది. అందులో మెత్తని పగడాలు పెంచాలని ఉంది. క్లౌన్ ఫిష్ జంట, నీలి టాంగ్, మాండరిన్, బటర్‌ఫ్లై ఫిష్ కొనాలనుకుంటున్నాను. ముందు నాలుగు డామ్సెల్ చేపలు వేసి నీటిని సిద్ధం చేసుకోమని దుకాణం వారు అంటున్నారు. ఇవన్నీ కలిసి ఉంటాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన వాటిలో క్లౌన్ ఫిష్ జంట ఒక్కటే మీ తొట్టెకు తగినది. మీ కొలతల ప్రకారం తొట్టెలో సుమారు 250 లీటర్లు పడతాయి. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు పోగా మిగిలే నీరు ఇంకా తక్కువ. నీలి టాంగ్ దుకాణంలో రెండంగుళాలే కనిపించినా, 30 సెంటీమీటర్ల దాకా పెరిగి రోజంతా ఈదుతూ తిరిగే చేప కాబట్టి దానికి ఈ చోటు చాలదు. బటర్‌ఫ్లై చేపల్లో చాలా జాతులకు పగడాలే ఆహారం.

మాండరిన్ సంగతి వేరు. అది తోటి చేపలతో సాధారణంగా తగవు పడదు, పగడాలనూ ముట్టదు. అయితే రాళ్ల మీద పాకే కోపీపాడ్లనే అతి చిన్న జీవులను పొద్దస్తమానం ఒక్కొక్కటిగా ఏరుకు తినడమే దాని బతుకు. కొత్త రాళ్ల మీద అవి తగినన్ని పెరిగి ఉండవు, మనం వేసే మేతను చాలా మాండరిన్లు ముట్టవు. అందుచేత కొద్ది వారాల్లోనే పొట్ట లోపలికి పోయి, మన కళ్లెదుటే చిక్కి శల్యమై చనిపోతాయి. తొట్టెకు ఏడాదైనా నిండకుండా దానిని తేవద్దని గట్టిగా కోరుతున్నాను.

డామ్సెల్ సలహా పాత పద్ధతి. వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకోసం చేపలను విషపు నీటిలో ఉంచనక్కరలేదు, రోజూ చిటికెడు మేత వేసినా ఆ పని జరుగుతుంది. టెస్ట్ కిట్ అమ్మోనియా, నైట్రైట్ రెండింటినీ సున్నాగా చూపేదాకా ఆగండి. పైగా ముందుగా చేరిన డామ్సెల్ తొట్టె అంతా తనదేనన్నట్టు, తరువాత వచ్చిన చేపలను తరిమి రెక్కలు చింపుతుంది. అప్పుడు దానిని పట్టాలంటే రాళ్లన్నీ పెకలించాల్సి వస్తుంది.

కనుక ఏ చేప అన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు అన్నదీ అంతే ముఖ్యం. బెరుకు చేపలు ముందు, దబాయించేవి చివర రావాలి. మొదట ఒక వాచ్‌మన్ గోబీని, దానితో పిస్టల్ రొయ్యను తెచ్చుకోండి. రొయ్యకు చూపు మందం. అది ఇసుకను తోడి బొరియ చేస్తున్నంతసేపూ ఒక మీసాన్ని గోబీకి ఆనించి ఉంచుతుంది, ప్రమాదం కనిపించగానే గోబీ తోక విదిలిస్తే వెంటనే లోపలికి వెళ్లిపోతుంది. ఇసుక మీద ఈ రెంటి కాపురం చూడడానికే తొట్టె ముందు కూర్చోవాలనిపిస్తుంది. తరువాత ఒక ఫైర్‌ఫిష్ తేవచ్చు. అది బెదిరితే బయటికి దూకేస్తుంది కనుక తొట్టెపై సన్నని వల తప్పనిసరి. క్లౌన్ ఫిష్‌లు చివర రావాలి. మెరూన్ క్లౌన్ కాక, నెమ్మదైన ఆసిలారిస్ రకంలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. అన్నీ మగవిగానే ఎదుగుతాయి, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వీటిని హేచరీల్లో పుట్టించే పద్ధతులను అభివృద్ధి చేసింది కాబట్టి, సముద్రంలో పట్టినవి కాక హేచరీ పిల్లలనే అడగండి. అవి మేతకు అలవాటుపడి ఉంటాయి. ఈ నాలుగు చేపలతో ఆగడం మంచిది.

గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత ప్రాణులు. ఎవరు అమ్మజూపినా తీసుకోకండి.

కొన్న ప్రతి చేపనూ నాలుగు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి గమనించండి. తెల్లమచ్చల జబ్బు పెద్ద తొట్టెలోకి చేరిందంటే, దానికి వాడే రాగి మందు రొయ్యలను, పగడాలను చంపుతుంది కనుక అక్కడ వైద్యం చేయడం కుదరదు.