భాషా సందేహాలు

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాల పిల్లలకు సాయంత్రాలు తెలుగు చెబుతున్నాను. ‘రేపు వచ్చను’, ‘అన్నం తినుతాను’, ‘నిన్న అడుగాను’ అంటున్నారు. ఎలా దిద్దాలి?
– ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: ‘వచ్చు’, ‘తిను’ అని నిఘంటువు రూపం నేర్పితే పిల్లలు దానికే ప్రత్యయం అతికిస్తారు. ప్రతి క్రియనూ మొదటిరోజే నాలుగు రూపాల్లో చెప్పించండి: వచ్చాను, వస్తాను, రాను, రా.

‘అడుగు’ రకం తేలిక. నడిమి ఉకారం భూతకాలంలో ఇకారమూ, వ్యతిరేకంలో అకారమూ అవుతుంది: అడిగాను, అడగను. చదువు, తిరుగు, కలుపు ఇంతే. తిను, విను, కొను, అను వంటి వాటిలో మొదటి అచ్చు పొట్టిది కాబట్టి ‘ను’లో ఉకారం రాలి, తకారం టకారమవుతుంది: తింటాను. ‘మాను’లో అచ్చు దీర్ఘం, అందుకే మానుతాను.

అసలు చిక్కు ‘చ్చు’తోనే. వచ్చు, ఇచ్చు, తెచ్చు, చచ్చు: భూత, భవిష్యత్తుల్లో నాలుగూ ఒకే దారి (ఇచ్చాను, ఇస్తాను). వ్యతిరేకంలో మాత్రం రాను, ఇవ్వను, తేను, చావను. ఇక్కడ సూత్రం వెతక్కండి, బట్టీ పట్టించండి. ఈ నాలుగూ వచ్చేదాకా ‘గుచ్చు’ జోలికి పోవద్దు. అది గుచ్చుతాను, గుచ్చను అని మామూలుగా నడుస్తుంది. ముందే చెబితే ‘గుస్తాను’ అంటారు.

ఎవరైనా ‘ఉండాడు’ అంటే కొట్టేయకండి. నెల్లూరు వైపు పెద్దలే ‘ఏం చేస్తా ఉండావు’ అంటారు. రాతలో ‘ఉన్నాడు’ రాయించండి, చాలు.

ప్రశ్న: అలాస్కాలోని దెనైనా భాషలో ధాతువు క్రియ చివర ఉంటుందట. మన క్రియను తిరగేసినట్టేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సగం నిజం. మనం ‘వచ్చా’కు ‘ను’ చివర చేరుస్తాం. అక్కడ ‘నేను’కు శకారం, ‘నువ్వు’కు నకారం ధాతువుకు ముందే వస్తాయి, కర్మను తెలిపేవి ఇంకా ముందుంటాయి. కర్తకూ ధాతువుకూ మధ్య నాలుగు గుర్తుల్లో ఒకటి ఉంటుంది. ఆ నాలుగింటిలో ఒకటి శూన్యం, వినబడదు. పని జరుగుతోందా, ముగిసిందా, జరగబోతోందా అన్నదాన్ని బట్టి ధాతువు రూపం కూడా మారుతుంది. పైగా పట్టుకున్నది కర్రలా పొడుగ్గా ఉందా, గుండ్రంగా ఉందా అన్నదాన్ని బట్టి ధాతువే వేరు. కాబట్టి కొత్తవాళ్లు ధాతువు ఒక్కటే రాసుకుంటే ప్రయోజనం లేదు. ‘నేను’, ‘నువ్వు’, ‘అతను’ రూపాలను పూర్తి మాటలుగా, జరుగుతున్న పనికీ ముగిసిన పనికీ విడివిడిగా రాసుకోవాలి.