పాత శిక్ష ఉన్నవారు ములాఖత్‌కు వెళ్లవచ్చా?

పర్లాకిమిడి మిత్రులకు నమస్కారం. ఒడిశాలోని బరంపురం సర్కిల్ జైలులో రిమాండులో ఉన్న తమ్ముడిని చూడాలని ఉన్నా, ఎప్పుడో మీకు కొట్లాట కేసులో శిక్ష పడినందున గేటు దగ్గరే ఆపేస్తారేమోనని సందేహిస్తున్నట్లు రాశారు. పాత శిక్ష ఉన్నంత మాత్రాన ములాఖత్‌కు అనర్హులు కారు. నిర్బంధంలో ఉన్న వ్యక్తి కుటుంబ సభ్యులనూ న్యాయవాదినీ కలుసుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికే వస్తుందని 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే భద్రత దృష్ట్యా నిరాకరించే అధికారం సూపరింటెండెంటుకు ఉంటుంది కనుక, అడిగినప్పుడు పాత కేసు సంగతి దాచకండి. దాచినట్లు తేలితే అనుమానం రెట్టింపవుతుంది.

అసలు చిక్కు వేరేచోట ఉంది. తమ్ముడి కేసులోనే మీరు సహ నిందితులో సాక్షో అయినా, మీ బెయిలు షరతులు ఏవైనా అడ్డొచ్చినా, ముందుగా వకీలుతో మాట్లాడండి. మీ మీద వారంటు పెండింగులో ఉంటే, అది తేల్చుకోకుండా జైలు గేటుకు వెళ్లడం కోరి పట్టుబడడమే.

ఇక గుర్తింపు కాగితాలు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియావారు చివర రాస్తారు. అన్నదమ్ముల ఆధార్ కార్డుల్లో ఆ వరుస తారుమారైతే గుమాస్తాకు బంధుత్వం నమ్మించడం కష్టం. తండ్రి పేరు స్పష్టంగా ఉన్న మరో కాగితం కూడా పట్టుకెళ్లండి. ఈ-ములాఖత్ పోర్టల్‌లో ముందుగా నమోదు చేసుకోవడం మేలు. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా కోరి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. కస్టడీలో ఉన్న మీ తమ్ముడికి 1987 నాటి చట్టం ప్రకారం అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.