అంటార్కిటికా యాత్రకు లక్షలు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ధ్రువాల్లో తిరిగి వచ్చిన ఒక సాహసయాత్రికుడి ప్రసంగం విన్నప్పటి నుంచి వాతావరణ మార్పుల మీదే పనిచేస్తానంటోంది. విద్యార్థులను అంటార్కిటికా తీసుకెళ్లే యాత్ర ఉందట, లక్షల్లో ఖర్చు. పంపమంటారా? ఈ చదువుకు ఉద్యోగాలుంటాయా?
- ఒక తండ్రి, విజయనగరం

జవాబు: డబ్బు మిగులు ఉంటే మీ ఇష్టం. అప్పు చేసి మాత్రం పంపకండి. ఆ యాత్ర సర్టిఫికెట్ చూసి ఎవరూ ఎమ్మెస్సీ సీటు ఇవ్వరు.

అలాగని ఆ ప్రసంగం వృథా అనను. నార్వే సాహసయాత్రికుడు నాన్సెన్ 1893లో ఫ్రామ్ అనే ఓడను కావాలనే ఆర్కిటిక్ మంచులో ఇరికించి, మంచు ఎటు తీసుకెళితే అటు పోనిచ్చాడు. ఆ మంచు గాలి వీచే వైపు కాకుండా కాస్త కుడిపక్కకు జరగడం గమనించాడు. భూమి తిరగడం వల్లే అలా జరుగుతోందని లెక్క కట్టి చూపింది ఎక్‌మన్ అనే స్వీడన్ యువకుడు. వేసవిలో గాలి పైనీటిని అలాగే పక్కకు, తీరానికి దూరంగా నెట్టడంతో మన విశాఖ తీరంలో అడుగునీరు పైకి వస్తుంది, దాని వెనుక ఉన్నదీ ఆ సూత్రమే. 2019-20లో జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్ కూడా అలాగే మంచులో చిక్కుకుని సాగింది, ఈసారి ఓడ నిండా శాస్త్రవేత్తలు, పరికరాలు. మీ అమ్మాయి విన్నది నాన్సెన్ వైపు కథ. ఉద్యోగం ఉన్నది ఎక్‌మన్ వైపు. అంటే లెక్కలు, ఫిజిక్స్, ఇప్పుడైతే పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష కూడా.

దారి చెబుతాను. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ, లేదా బీటెక్. తర్వాత వాతావరణ, సముద్ర శాస్త్రాల్లో పీజీ: ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. ఐఐటీల్లో సైన్స్ పీజీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పరిశోధనకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉన్నాయి. అంటార్కిటికాలో మన మైత్రి, భారతి స్థావరాలకు ఏటా బృందాలను పంపేది ఈ గోవా సంస్థే. ఎంపికైనవాళ్లకు వైద్య పరీక్షలు, మంచులో శిక్షణ ఉంటాయి, ఖర్చు ప్రభుత్వానిది. డాక్టర్లు, మెకానిక్‌లు, వంటవాళ్లు కూడా వెళ్తారు!

ఉద్యోగాల సంగతి దాచను. పర్మనెంట్ పోస్టులు తక్కువ, ప్రాజెక్టు కాంట్రాక్టులు ఎక్కువ. పెద్ద పరిశోధనకు పీహెచ్‌డీ తప్పదు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఆపైన హెచ్‌ఆర్‌ఏ. తోటివాళ్లు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడుతుంటే తను ఇంకా చదువుతూనే ఉంటుంది. ఆ టెన్షన్ తనకన్నా మీకే ఎక్కువ ఉంటుంది, ఇప్పుడే మాట్లాడుకోండి. మధ్యలో మనసు మారినా నష్టం లేదు. డేటా పని వచ్చినవాళ్లు గాలి, సౌర విద్యుత్ అంచనాల్లో, బీమా రంగంలో కావాలి.

ఈ సెలవుల్లో ఒక పని పెట్టండి. ఆర్కిటిక్ సముద్రపు మంచు విస్తీర్ణం 1979 నుంచి ఉపగ్రహ లెక్కల్లో ఉచితంగా దొరుకుతుంది. సెప్టెంబరు అంకెలు మాత్రం తీసుకుని ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయమనండి. ఒక ఏడాది పెరిగి, మరుసటి ఏడాది ఎందుకు తగ్గిందో వెతకమనండి. వారం తర్వాత కూడా విసుక్కోకుండా కూర్చుంటే, జామ్ సిలబస్ గురించి మళ్లీ రాయండి.