శుక్రవారం హైదరాబాద్ వెళ్తుంటే

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో శుక్ర, శనివారాలు హైదరాబాద్‌లో ఉంటాం, హోటల్ చార్మినార్ దగ్గర తీసుకోవాలా అని అడిగారు. వద్దండీ, ఆ రద్దీలో కారు కదలడమే గగనం. నాంపల్లి, లక్డీకాపూల్ వైపు చూడండి, మెట్రో అందుబాటులో ఉంటుంది. లిఫ్ట్ ఉందో లేదో మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అసలు చిక్కు శుక్రవారంతోనే. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ ఆ రోజు సెలవు. వాటిని శనివారానికి జరపండి. మ్యూజియంలో మధ్యాహ్నం 12 కాకముందే మ్యూజికల్ క్లాక్ దగ్గరికి చేరితే పెద్దవాళ్లకి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. గడియారంలోంచి బుల్లి మనిషి బయటికొచ్చి ఠంగుమని గంటలు కొట్టి లోపలికి పోతాడు. పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ మురిసిపోతారు!

శుక్రవారం మధ్యాహ్నం గోల్కొండ పెట్టుకోండి. పైదాకా 300కు పైగా మెట్లు, నాన్నగారికి కష్టం. కింద గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే కొండపైదాకా వినిపించే వింత చూపించి, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకి కూర్చోబెట్టండి, చాలు.