ఫోటోకు ముందు గడిచిన గంటలు

తమ్ముడూ,

ఇటలీలోని పెరూజియా హత్య కేసు మీద నువ్వు పంపిన రాతప్రతి మొత్తం చదివాను. నీ వాక్యం బాగుంది, ఆ సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు. నాకు పేచీ అంతా మూడో అధ్యాయంతోనే. పోలీసు ఫోటోలు ముందు పెట్టుకుని ఆ రాత్రి ఏం జరిగిందో నిమిషం నిమిషం చెప్పుకుంటూ పోయావు. ఆ ఫోటోలు ఆ రాత్రివి కావు కదా! బ్రిటన్ విద్యార్థిని మెరెడిత్ కెర్చర్ హత్య జరిగింది 2007 నవంబరు 1 రాత్రి. ఇంట్లోకి కెమెరా వచ్చింది మర్నాడు. ఈలోపు తాళం వేసి ఉన్న ఆమె గది తలుపు బద్దలుకొట్టారు, ఆ ఇంట్లో ఉండేవాళ్ళు, వాళ్ళ స్నేహితులు, పోలీసులు అటూ ఇటూ తిరిగారు. ఫోటోలో ఏముందో చూసేముందు నువ్వు తేల్చుకోవాల్సింది ఆ గంటల లెక్క.

పక్కగదిలో పగిలిన కిటికీనే తీసుకో. గాజుపెంకులు నేల మీది బట్టల పైన ఉన్నాయి కాబట్టి ముందు బట్టలు చిందరవందర చేసి, తర్వాత అద్దం పగలగొట్టి, నిందితులే దొంగతనంలా కనిపించేట్టు చేశారన్నది ప్రాసిక్యూషన్ వాదన. బయటినుంచి రాయి విసిరారన్నది డిఫెన్స్ వాదన. నువ్వు ఫోటో చూసి మొదటి పక్షానికి ఓటేశావు. కానీ ఫోటోలు తీసేలోపే ఆ గదిలో ఉండే అమ్మాయి లోపలికెళ్ళి తన వస్తువులు చూసుకుంది, కొన్ని తీసుకుంది. ఇక ఏది పైన, ఏది కింద అన్న వరసను ఫోటో ఒక్కటే చెప్పలేదు. తను వెళ్ళేసరికే పెంకులు పైన ఉన్నాయని ఆమె చెప్పింది, నిజమే. అది ఆమె సాక్ష్యం, దాన్ని సాక్ష్యంగానే రాయి. ఫోటో నెత్తిన పెట్టకు. 'పెంకులు బట్టల మీద ఉన్నాయి' అని నువ్వు రాయొచ్చు. 'పగలగొట్టి నాటకమాడారు' అనేది మాత్రం ఎవరి మాటో వాళ్ళ నోటితోనే రావాలి.

బాత్రూమ్ ఫోటో గురించి ఒక పేజీ రాశావు, అది పూర్తిగా తీసెయ్. సింకు, గోడలు అంతా ఎర్రబారి ఉన్న ఆ ఫోటోను పత్రికలు అచ్చువేశాయి. ఇంత నెత్తుటిలో, అదే ఇంట్లో ఉండి నిందితురాలైన అమాండా నాక్స్ స్నానం ఎలా చేసిందని జనం నోళ్ళు నొక్కుకున్నారు. అది రక్తం కాదు. పరీక్ష కోసం వాడిన రసాయనం తర్వాత గులాబీ రంగుకు తిరిగింది. అంతకుముందు తీసిన ఫోటోల్లో కనిపించేవి కొన్ని చిన్న మరకలు, బాత్ మ్యాట్ మీద నీళ్ళు కలిసిన ఒక గుర్తు, అంతే. ఒకే గది, రెండు తేదీలు. ఏ ఫోటో అయినా దాని జతగాడు దొరికేదాకా నమ్మకూడదని నా పద్ధతి. కొంచెం చాదస్తమే, కానీ ఇలాంటి కేసుల్లో ఆ చాదస్తం పనికొస్తుంది.

అసలు ఈ కేసులో నన్ను కట్టిపడేసేది మెరెడిత్ బ్రా హుక్కు. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు! మొదటి తనిఖీలో అది నేల మీద కనిపించింది, ఫోటో కూడా తీశారు, కానీ సేకరించలేదు. 46 రోజుల తర్వాత, డిసెంబరు 18న తీసుకున్నారు. అప్పటికి అది మొదట ఉన్న చోట లేదు. దాని మీద అమాండా స్నేహితుడు, మరో నిందితుడు రఫేలే సొలెచితో అనే అతని డీఎన్ఏ ఉందన్నారు. కోర్టు నియమించిన నిపుణులు 2011లో ఆ సేకరణ దృశ్యాలు చూసి, గ్లౌజుల మీద మురికిని కూడా ఎత్తిచూపి, వేరేచోటునుంచి డీఎన్ఏ అంటుకుని ఉండొచ్చన్నారు. చూశావా, నేరస్థలాన్ని చూపడానికి తీసిన చిత్రాలు దర్యాప్తు చేసినవాళ్ళ చేతుల్నే పట్టించాయి. ఈ అధ్యాయానికి ప్రాణం ఇక్కడుంది. 2015 మార్చిలో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం అమాండా, రఫేలే ఇద్దర్నీ నిర్దోషులుగా తేల్చింది. అంతకుముందే ఇదే హత్యలో రూడీ గెడే అనే అతనికి శిక్ష ఖాయమైంది. ఈ రెండూ పాఠకుడికి మొదట్లోనే చెప్పు, సస్పెన్స్ కోసం దాచకు.

రక్తపు చుక్కల ఆకారం చూసి దెబ్బ ఏ వైపునుంచి పడిందో రాసిన పేరా కూడా వద్దు. 2009లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నివేదిక ఆ విద్యలో అనిశ్చితి చాలా ఎక్కువని తేల్చింది. ఏళ్ళతరబడి అదే పని చేసేవాళ్ళ గురించి అన్న మాట అది, మనం కంప్యూటర్ తెర మీద చూసి తేల్చేదేముంది? వైడ్ యాంగిల్ లెన్సు అంచుల్ని సాగదీస్తుంది కాబట్టి స్కేలు పెట్టని ఫోటోలోంచి దూరాలు కొలవొద్దు.

మృతదేహం వర్ణన దగ్గర రెండుసార్లు పుస్తకం మూసేశాను. గాయాల గురించి వాదనకు ఎంత కావాలో అంతే ఉంచు. ఆమెకు ఇరవయ్యొక్కేళ్ళు, చదువుకోవడానికి వచ్చిన పిల్ల. ఈ పుస్తకం ఆమె ఇంట్లోవాళ్ళ చేతిలో పడొచ్చని గుర్తుపెట్టుకుని రాయి.

మళ్ళీ రాయడం మొదలుపెట్టేముందు ఒక పట్టిక వేసుకో: ఫోటో ఎప్పుడు తీశారు, అప్పటికి ఎవరెవరు లోపలికి వెళ్ళొచ్చారు, ఏం కదిలింది, ఆ సంగతి మనకు ఎవరి ద్వారా తెలిసింది. చివరి గడి ఖాళీగా ఉన్న ఫోటోను అధ్యాయంలోకి రానివ్వకు. ముందు ఆ పట్టిక పంపు, రాత సంగతి తర్వాత చూద్దాం.

నీ అన్న